ఎస్‌సీపీహెచ్-5502 ప్లేస్టేషన్‌లో మాడ్ చిప్ వేసుకోవడం: చిప్పుకి, వైరింగ్ బొమ్మకి పొత్తు కుదరాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. కావలిలో మీ ఇంట్లో కువైట్ నుంచి వచ్చిన పాత ప్లేస్టేషన్ ఉంది. అడుగున ఎస్‌సీపీహెచ్-5502 అని రాసుంది. యూరప్ డిస్కులు ఆడుతున్నాయి, అమెరికా నుంచి మీ అత్త కొడుకు తెచ్చిన అసలు డిస్కులు మాత్రం తీసుకోవడం లేదు. వేరే దేశపు డిస్కులు కూడా ఆడేలా మెషీన్ లోపల అతికే మాడ్ చిప్ కోసం, ప్రోగ్రామ్ చేసిన పిక్ 12ఎఫ్629 చిప్పొకటి తెప్పించుకున్నావు. చేతిలో ఉన్న వైరింగ్ బొమ్మేమో ఏటీటైనీ85 చిప్పుది. ఎల్ఈడీ బల్బులు విప్పి సోల్డరింగ్ చేసిన అలవాటుంది. నేనే వేసుకోవచ్చా, ఎక్కడ దెబ్బ తింటాను అన్నది నీ ప్రశ్న.

వేసుకోవచ్చు. కాకపోతే ఈ చిప్పుకి ఆ బొమ్మ పనికిరాదు. రెండూ ఎనిమిది కాళ్ళవే, చూడ్డానికి కవలల్లా ఉంటాయి. పిక్ 12ఎఫ్629లో 1వ కాలు ప్లస్, 8వ కాలు గ్రౌండ్. ఏటీటైనీ85లో 8వ కాలు ప్లస్, 4వ కాలు గ్రౌండ్, 1వ కాలు రీసెట్. నీ దగ్గరున్న బొమ్మ చూసి పిక్‌కి తీగలు వేస్తే, గ్రౌండ్ ఉండాల్సిన 8వ కాలికి 3.5 వోల్టులు పోతాయి. చిప్పు లోపల ఉండే రక్షణ డయోడ్ల గుండా కరెంటు అడ్డదారిన పారుతుంది. చిప్పు మీద వేలు పెడితే సెకన్లలో చుర్రుమంటుంది. ఆ 3.5 వోల్ట్ లైను మీదే మెషీన్ బతుకుతోంది కాబట్టి అది కిందికి గుంజుకుపోయి టీవీలో బొమ్మే రాదు. అప్పుడు 'మదర్‌బోర్డు పోయింది' అనుకుని కంగారు పడతారు. చాలాసార్లు చిప్పు పీకేస్తే మెషీన్ మామూలుగా లేస్తుంది, కానీ ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు.

అందుకని మొదటి పని, చిప్పు ఏదో, అందులో వేసిన ప్రోగ్రామ్ ఏదో తెలుసుకుని, ఆ రెండింటికీ, నీ బోర్డుకీ కలిపి గీసిన బొమ్మ సంపాదించడం. ఒకే పిక్ చిప్పులో వేరే ప్రోగ్రామ్ వేస్తే కాళ్ళ పని కూడా మారొచ్చు. అమ్మినవాణ్ణి ఏ ప్రోగ్రామ్ వేశాడో అడుగు. చెప్పలేకపోతే ఆ చిప్పు వాడకు. ఒకటో కాలు గుర్తుపట్టేందుకు చిప్పు మీద చుక్కగానీ, ఒక కొసన అర్ధచంద్రం గాటుగానీ ఉంటుంది. గాటు పైకి పెట్టి చూస్తే ఎడమవైపు పైది ఒకటి. అక్కడి నుంచి ఎడమవైపే కిందికి దిగి, కుడివైపు పైకి ఎక్కుతూ లెక్కపెట్టాలి. చిప్పుని వెల్లకిలా తిప్పి, కాళ్ళు పైకి పెట్టి తీగలు అతికేవాళ్ళు చాలామంది. అలా తిప్పితే లెక్క అద్దంలో బొమ్మలా తారుమారవుతుంది. తిప్పకముందే 1వ కాలు పక్కన పొట్ట మీద ఎర్ర మార్కర్‌తో చుక్క పెట్టుకో.

అసలు ఈ చిప్పు ఏం చేస్తుందో తెలిస్తే, తర్వాత వచ్చే తంటాలు వాటంతట అవే అర్థమవుతాయి. ప్లేస్టేషన్ 1994 డిసెంబర్‌లో జపాన్‌లో, 1995 సెప్టెంబర్‌లో అమెరికా, యూరప్‌లలో వచ్చింది. అసలు డిస్కు మొదట్లో, లోపలి అంచున, విషయసూచిక ఉండే చోట గాడిని కావాలని సన్నగా వంకర్లు తిప్పి అచ్చు వేశారు. ఆ వంకర్ల తరచుదనం 22.05 కిలోహెర్ట్జ్. ఆ వంకర్లు ఉండడం, ఆగడం ద్వారా నాలుగు అక్షరాలు పంపుతారు. జపాన్ డిస్కుకి ఎస్‌సీఈఐ, అమెరికాకి ఎస్‌సీఈఏ, యూరప్‌కి ఎస్‌సీఈఈ. లేజర్ గాడిని వెంబడించేటప్పుడు ఆ ఊగుడు డ్రైవ్‌కి తెలుస్తుంది, డ్రైవ్ కంట్రోలర్ దాన్ని అక్షరాలుగా చదువుతుంది. తన దేశపు అక్షరాలు రాకపోతే డిస్కుని గేముగా ఒప్పుకోదు. నీ యూరప్ మెషీన్ అమెరికా డిస్కుని వెనక్కి తోసేది ఇందుకే. ఇంట్లో రైటర్‌తో రాసిన సీడీలో ఈ వంకర్లు రావు, ఎందుకంటే ఖాళీ సీడీలోని గాడి ఫ్యాక్టరీలోనే అచ్చయి వస్తుంది, రైటర్ దాన్ని మార్చలేదు. డిస్కు అడుగు నల్లగా ఉండడమే రహస్యమని చాలామంది నమ్ముతారు. అది ఉత్త రంగు. 780 నానోమీటర్ల లేజర్‌కి ఆ నలుపు అడ్డే కాదు.

చిప్పు చేసేది రెండు పనులు. ఒకటి, డిస్కు నుంచి వచ్చే అసలు అక్షరాల నోరు నొక్కడం. దీనికి వేసే తీగని గేట్ అంటారు. రెండోది, ఆ తావులో తానే ఎస్‌సీఈఈ అని చెప్పడం. దీన్ని డేటా తీగ అంటారు. వేగం సెకనుకి 250 బిట్లు, అంటే ఒక్కో బిట్‌కి 4 మిల్లీసెకన్లు. ఒక్కో అక్షరానికి ముందు ఒకటి, వెనక రెండు కలిపి 11 బిట్లు. నాలుగు అక్షరాలకి 44 బిట్లు, మొత్తం 176 మిల్లీసెకన్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకో, గడియారం తప్పిన చిప్పుల గురించి చెప్పేటప్పుడు మళ్ళీ వస్తుంది. నువ్వు వేసేది అసలు అమెరికా డిస్కులు కాబట్టి గేట్ తీగ నీకు చాలా ముఖ్యం. అది వేయకపోయినా, అతుకు సరిగా పడకపోయినా డిస్కు చెప్పే ఎస్‌సీఈఏ, చిప్పు చెప్పే ఎస్‌సీఈఈ ఒకదాని మీద ఒకటి పడి డ్రైవ్‌కి ఏదీ అర్థం కాదు.

ఇక నీ బోర్డు. 5500 వరుసలో ఉండేది పీయూ-18. 1002లో పీయూ-8, 7000 వరుసలో పీయూ-18 గానీ పీయూ-20 గానీ, 7500లో పీయూ-22, 9000లో పీయూ-23, చిన్న తెల్లటి పీఎస్ వన్‌లో పీఎం-41. అడుగున ఉండే స్టిక్కర్‌ని మాత్రం నమ్మకు. పాత మెషీన్లలో రిపేరు చేసినవాళ్ళు ఒకదాని డొప్పలో ఇంకొకదాని బోర్డు పెట్టి ఇవ్వడం మామూలే. విప్పాక బోర్డు మీద అచ్చు వేసి ఉన్న పీయూ నంబరు చూసి దానికి సరిపోయే బొమ్మే తీసుకో. పీయూ-22 నుంచి గేట్ లైను ప్రవర్తన మారింది, పాత బోర్డుల బొమ్మ దానికి కుదరదు. పీఎస్ వన్‌లో యూరప్ మోడల్ ఎస్‌సీపీహెచ్-102 అయితే బయోస్, అంటే మెషీన్ని మొదట లేపే లోపలి ప్రోగ్రామ్ కూడా సొంతంగా దేశం చూసుకుంటుంది, దానికి అదనంగా బయోస్ వైపు తీగలు కావాలి. నీది 5502 కాబట్టి ఆ తలనొప్పి లేదు.

విప్పకముందు ఒక పూట పరీక్షకి కేటాయించు. ఇది దాటేసి నేరుగా సోల్డరింగ్ ఐరన్ వేడి చేసేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. మామూలు పాటల సీడీ ఒకటి పెట్టి మొదటి పాట, చివరి పాట వేసి చూడు. తర్వాత యూరప్ గేము అరగంట ఆడించు. వీడియో ముక్కలు వచ్చేటప్పుడు ఆగి ఆగి పోతుంటే, డిస్కు తిరిగేటప్పుడు టక్ టక్ అని కొట్టుకుంటుంటే, మెషీన్‌ని నిలువుగా పెడితేనో బోర్లిస్తేనో బాగా ఆడుతుంటే, ముందు బాగు చేయాల్సింది లేజర్ యూనిట్‌ని. మన షాపుల్లో దాన్ని లెన్స్ అంటారు. చిప్పు బలహీనమైన లెన్స్‌కి మందు కాదు. 1000 వరుస మెషీన్లలో లెన్స్ పవర్ సప్లై వేడికి దగ్గరగా ఉండి ప్లాస్టిక్ పట్టాలు అరిగేవి, నీ వరుసకి వచ్చేసరికి దాన్ని దూరం జరిపారు, కాబట్టి నీది నిలబడి ఉండే అవకాశం బాగానే ఉంది. మార్చాల్సి వస్తే కేఎస్ఎం-440 వరుసలో నీ మోడల్‌కి సరిపోయేది అడుగు. కొత్త లెన్స్ యూనిట్ మీద, రిబ్బన్ తీగ దూర్చే చిన్న బోర్డులో, రెండు చుక్కల్ని కలిపి ఒక సోల్డర్ బొట్టు ఉంటుంది. స్టాటిక్ నుంచి కాపాడటానికి ఫ్యాక్టరీలో పెడతారు. రిబ్బన్ కలిపాక దాన్ని తీసేయాలి. తీయకపోతే లేజర్ వెలగదు, 'కొత్త లెన్సూ చెడ్డదే ఇచ్చాడు' అని షాపువాడితో గొడవ.

అమెరికా, జపాన్ మెషీన్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇది చదివే వేరేవాళ్ళ దగ్గర అవి ఉండొచ్చు. అమెరికా మెషీన్ 120 వోల్టులది, జపాన్‌ది 100 వోల్టులది. మన 230లో పెడితే ఫ్యూజు, పవర్ సప్లై పోతాయి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. చిన్న పీఎస్ వన్‌కి 7.5 వోల్ట్ అడాప్టర్ బయట ఉంటుంది కాబట్టి ఆ గొడవ తక్కువ.

సామాను సంగతి. సన్న మొన ఉన్న ఐరన్, వేడి మార్చుకునే రకమైతే 320 నుంచి 340 డిగ్రీలు. మార్చలేని రకమైతే 25 వాట్లది, అంతకు మించి వద్దు. 0.5 మిల్లీమీటర్ల సోల్డర్ లెడ్, 63/37 రకం, అది 183 డిగ్రీలకే కరుగుతుంది. తీగ 30 గేజ్ వైర్ ర్యాపింగ్ తీగ, లోపలి రాగి పావు మిల్లీమీటరు ఉంటుంది. పాత ప్రింటర్ కేబుల్ తీగలు వాడకు, అవి మందం, కదిలినప్పుడల్లా బోర్డు మీద చుక్కని లాగేస్తాయి. 104 అని రాసున్న సిరామిక్ కెపాసిటర్ ఒకటి, అంటే 0.1 మైక్రోఫారడ్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్, బంగారు రంగు హీట్ టేపు, రెండు చోట్లు కలిసి ఉంటే మోగే బజర్ మోడ్ ఉన్న మీటరు. 30 గేజ్ తీగ, లెడ్ బాగా అంటుకునేందుకు రాసే మంచి ఫ్లక్స్ మీ ఊళ్ళో దొరక్కపోతే ఆన్‌లైన్ ఉంది, కాదంటే పొద్దున్నే రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి రాత్రికి ఇంటికి రావచ్చు.

ఫ్లక్స్ విషయంలో గట్టిగా చెబుతున్నా. హార్డ్‌వేర్ షాపుల్లో చిన్న డబ్బాల్లో అమ్మే యాసిడ్ పేస్ట్, రేడియేటర్లకీ రేకులకీ వాడేది, బోర్డుకి తగలనివ్వకు. సముద్రం మీకు దగ్గరే, గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. ఆ పేస్ట్ మిగిలిన చోట ఒక్క వానాకాలం గడిస్తే చాలు, ఆకుపచ్చ చిలుము పట్టి సన్న ట్రాకులు తెగిపోతాయి. రోజిన్ ఫ్లక్స్ వాడు, పని అయ్యాక దాన్నీ ఆల్కహాల్‌తో కడుగు. తుమ్మలపెంట నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంబడి ఇళ్ళల్లో ఉన్న పాత మెషీన్లలో, విప్పగానే ఇనుప కవచం మీద తుప్పు, కనెక్టర్లలో చిలుము ఎలాగూ కనిపిస్తాయి. నువ్వు అతకాల్సిన చుక్క మీద అది ఉంటే ఎంత లెడ్ పెట్టినా గోలీలా జారిపోతుంది. ముందు ఆల్కహాల్‌తో రుద్ది, అప్పటికీ మెరవకపోతే పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లిగా రుద్దితే రాగి కనిపిస్తుంది.

ఎర్త్ చూసుకో. చాలా ఇళ్ళల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, మూడోదానికి తీగే ఉండదు. మీటరుని 750 వోల్ట్ ఏసీలో పెట్టి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలువు. 230 దరిదాపుల్లో వస్తే ఎర్త్ ఉన్నట్టు. రాకపోతే ఐరన్ మొనకి లీకేజీ వచ్చి, అది నీ చిప్పు కాళ్ళ గుండానే దారి వెతుక్కుంటుంది. అప్పుడు ఐరన్ వేడెక్కాక ప్లగ్ పీకి, వేడి ఉన్నంతసేపు ఒక అతుకు, మళ్ళీ పెట్టి ఇంకో అతుకు, ఇలా చేసుకో. ఉండేవే ఆరేడు అతుకులు కాబట్టి పెద్ద శ్రమేం కాదు.

విప్పడం. కరెంటు తీగ పీకి పది నిమిషాలు ఆగు. పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ 230 వోల్టుల మీద సుమారు 325 వోల్టుల డీసీ దాచుకుని ఉంటుంది, ఆ చిన్న బోర్డుని అంచులు పట్టుకునే ఎత్తాలి. అడుగున ప్లస్ స్క్రూలు తీసి, మెషీన్ని మామూలుగా నిలబెట్టి పై డొప్ప లేపు. డ్రైవ్ రబ్బరు గుబ్బల మీద ఊరకే కూర్చుని ఉంటుంది. దానికి ఒక వెడల్పు రిబ్బన్, ఒక చిన్న మోటారు ప్లగ్. రిబ్బన్ని కొస దగ్గర రెండు వేళ్ళతో నిటారుగా పట్టి మెల్లిగా లాగు, వంచకు. ముడత పడిన రిబ్బన్ ఆ రోజు పనిచేసి నెల తర్వాత మొరాయిస్తుంది. తర్వాత పవర్ బోర్డు, ఇనుప కవచం, చివర్న మదర్‌బోర్డు. స్క్రూలన్నీ ఒకే పొడవు కావు. కాగితం మీద మెషీన్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఏ చోటిదో అక్కడే గుచ్చిపెట్టు.

బోర్డు చేతికొచ్చాక వెంటనే అతకకు. బొమ్మలో చూపించిన వైపు పైదా కిందదా తేల్చుకో. తారుమారు కాకుండా ఉండాలంటే, పక్కన ఏ కనెక్టర్ ఉందో చూసి దిక్కు పోల్చుకో. 5502లో వెనక ప్యారలల్ పోర్టు ఉంటుంది, అది మంచి గుర్తు. తర్వాత మీటరుతో పాయింట్లు రూఢి చేసుకో. గ్రౌండ్ అని చూపించిన చోటుకీ, కవచం స్క్రూ కూర్చునే రాగి వలయానికీ మధ్య బజర్ మోగాలి. ప్లస్ అని చూపించిన చోటు గ్రౌండ్‌తో మోగకూడదు. అప్పుడు పవర్ బోర్డు మాత్రం కలిపి, మెషీన్ ఆన్ చేసి, ఆ ప్లస్ చోట ఎంతుందో కొలువు. 3.5 దరిదాపుల్లో రావాలి. బోర్డు మీద 7.5 వోల్ట్ లైను కూడా ఒకటి తిరుగుతుంటుంది, పొరపాటున దానికి కలిపితే చిప్పు అప్పటికప్పుడే పోతుంది. ఈ కొలత రెండు నిమిషాల పని. కొలిచేటప్పుడు మీటరు మొన జారి పక్క కాలికి తగలకుండా, రెండో చెయ్యి బల్ల మీద ఆనించి పట్టుకో.

అతుకు వేసే తీరు ఇదీ. తీగ కొస ఒకటిన్నర మిల్లీమీటర్లు మాత్రమే ఒలువు. దానికి ఫ్లక్స్ ముంచి ఐరన్ మొన మీది లెడ్‌లో ఒక్కసారి తిప్పు, వెండి పూత వస్తుంది. బోర్డు మీద చుక్కకీ ఫ్లక్స్ పెట్టి ఆవగింజలో సగం లెడ్ అంటించు. ఇప్పుడు ఐరన్ మొన మీద లెడ్ ఏమీ లేకుండా తుడిచి, తీగ కొసని చుక్క మీద పడుకోబెట్టి పైనుంచి మొన ఆనించు. లోపల లెడ్ కరిగి తీగ ఒక్కసారిగా మెత్తగా కిందికి దిగుతుంది, నీ వేళ్ళకే తెలుస్తుంది. అంతే, ఐరన్ ఎత్తు. తీగని మాత్రం రెండు సెకన్లు కదపకుండా పట్టుకో. మొత్తం మీద ఐరన్ తగిలే సమయం రెండు సెకన్లు దాటకూడదు. దాటితే రాగి చుక్క బోర్డు నుంచి లేచి తీగతోపాటు వచ్చేస్తుంది. ఐసీ కాలి మీద అతకాల్సి వస్తే తీగని కాలి పొడవునే పెట్టు, అడ్డంగా పెడితే పక్క కాలికి అంటుకుంటుంది. అంటుకుంటే కంగారుపడి గోకకు. ఫ్లక్స్ పెట్టి, శుభ్రమైన మొనతో కాలి వెంబడి బయటికి లాగితే మిగిలిన లెడ్ మొన మీదికి వచ్చేస్తుంది. ఇదంతా ముందు ఒక చెడిపోయిన సెట్‌టాప్ బాక్సు బోర్డు మీద ఇరవై అతుకులు వేసి చేతికి అలవాటు చేసుకో. ఎల్ఈడీ బల్బు చుక్కలు పెద్దవి, వాటితో వచ్చిన అలవాటు ఇక్కడ సరిపోదు.

వరుస కూడా ముఖ్యమే. ముందు గ్రౌండ్, తర్వాత డేటా, గేట్, నీ ప్రోగ్రామ్ అడిగితే రీసెట్, మూత స్విచ్ తీగలు, అన్నిటికన్నా ఆఖర్న ప్లస్. తీగలు పది సెంటీమీటర్లకు మించకుండా కత్తిరించు. చిప్పు ప్లస్, గ్రౌండ్ కాళ్ళ మధ్య ఆ 104 కెపాసిటర్ నేరుగా చిప్పు మీదే అతుకు. డిస్కు మోటారు లేచేటప్పుడు లైను మీద వచ్చే కుదుపుకి చిప్పు రీసెట్ అయిపోకుండా అది ఆపుతుంది. 'ఒకసారి బూటవుతుంది, ఒకసారి కాదు' అనే ఫిర్యాదుకి ఈ కెపాసిటర్ లేకపోవడం ఒక కారణం. చిప్పుని టేపు చుట్టి, పెద్ద ఐసీల వేడికి దూరంగా, ఇనుప కవచం నొక్కని చోట డబుల్ టేపుతో కూర్చోబెట్టు. ఫెవిక్విక్ లాంటి జిగురు మాత్రం వాడొద్దు. దాని ఆవిరి మూసిన డొప్పలో లెన్స్ మీద తెల్లటి పొర కడుతుంది.

మూసే ముందు ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య బజర్ మోగడం లేదని చూసి, డ్రైవ్ కలిపి, బల్ల మీదే ఆన్ చెయ్యి. పవర్ బోర్డు తెరిచి ఉంటుంది, కాబట్టి అటు చెయ్యి పోనివ్వకు. డిస్కు లేకుండా మెనూ రావాలి. తర్వాత యూరప్ డిస్కు, ఆ తర్వాత అమెరికా డిస్కు.

ఇక్కడ తెర నీకు దాదాపు అంతా చెప్పేస్తుంది. మొదట తెల్ల తెర మీద నారింజ రంగు వజ్రం ఆకారం వస్తుంది, అది మెషీన్ బతికే ఉందన్న సంగతి మాత్రమే. రెండోది నల్ల తెర మీద పీఎస్ గుర్తు. ఆ నల్ల తెర వచ్చిందంటే డ్రైవ్ అక్షరాల్ని ఒప్పుకున్నట్టు, చిప్పు పని చిప్పు చేసేసినట్టు. అక్కడ ఆగిపోయినా, గేము మధ్యలో ఆగినా చిప్పు జోలికి పోకు, అది డిస్కు గీతలదో లెన్స్‌దో గొడవ. తెల్ల తెర తర్వాత నల్ల తెర రాకుండా మెనూకి పోయినా, ప్లేస్టేషన్ డిస్కు పెట్టమని అడిగినా అక్షరాలు చేరలేదన్నమాట, అప్పుడు డేటా, గేట్ అతుకులు చూడు. యూరప్ డిస్కు కూడా చిప్పు వేశాక ఆడటం మానేస్తే, చిప్పు డిస్కు నోరు నొక్కుతోంది కానీ తాను సరిగా మాట్లాడటం లేదు.

అతుకులన్నీ బాగున్నా మాట్లాడటం లేదంటే గడియారం చూడాలి. పిక్ 12ఎఫ్629 లోపలి గడియారాన్ని సరిచేసే విలువని ఫ్యాక్టరీలో మెమరీ ఆఖరి గదిలో, 3ఎఫ్ఎఫ్ అనే చిరునామాలో రాసి పంపుతారు. చౌక ప్రోగ్రామర్‌తో చిప్పు మొత్తం చెరిపేస్తే అదీ పోతుంది. ప్రోగ్రామ్ మొదట్లో ఆ విలువ కోసం అక్కడికి పోతుంది, అక్కడ ఏమీ లేకపోతే మెమరీ చివర దాటి మళ్ళీ మొదటికే వస్తుంది. అలా తిరుగుతూనే ఉంటుంది తప్ప ఒక్క అక్షరం పంపదు. పిక్ చిప్పుల్ని చదివి రాసే పిక్‌కిట్ 2 పరికరం ఉన్నవాళ్ళ దగ్గర చదివించు. ఆ గదిలో 34తో మొదలయ్యే సంఖ్య ఉంటే బాగున్నట్టు, 3ఎఫ్ఎఫ్ఎఫ్ అని ఉంటే చెరిగినట్టు. పిక్‌కిట్ 2 సాఫ్ట్‌వేర్‌లోనే ఆ విలువని మళ్ళీ లెక్కగట్టి రాసే సదుపాయం ఉంది, చిప్పు పారేయనక్కర్లేదు.

పిక్ వద్దనుకుని నీ దగ్గరున్న బొమ్మకి తగ్గట్టే ఏటీటైనీ85 తెచ్చుకుంటే, దానికీ ఇలాంటి గుంటే ఒకటుంది. ఆ చిప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు గడియారాన్ని ఎనిమిదితో భాగించే ఫ్యూజు (చిప్పు లోపలి సెట్టింగుని అలా అంటారు) వేసి వస్తుంది. 8 మెగాహెర్ట్జ్‌కి బదులు 1 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. 4 మిల్లీసెకన్ల బిట్ 32 మిల్లీసెకన్లు అవుతుంది, 176 మిల్లీసెకన్లలో చెప్పాల్సిన మాటకి సుమారు 1.4 సెకన్లు పడుతుంది, డ్రైవ్‌కి అది మాటే కాదు. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడే ఆ ఫ్యూజు తీసేయాలి. చిప్పుకి బదులు ఆర్డుయినో ప్రో మినీ అనే చిన్న బోర్డు వాడేవాళ్ళు 3.3 వోల్ట్, 8 మెగాహెర్ట్జ్ రకం తీసుకోవాలి. 16 మెగాహెర్ట్జ్ రకం 3.5 వోల్టుల మీద దాని కొలతలకి బయట నడుస్తుంది. ఈ చిప్పులకి పీఎస్‌నీ అనే బహిరంగ ప్రోగ్రామ్ ఉంది. అది డిస్కు ఏ చోట చదువుతోందో ఓ కంట చూస్తూ, అవసరమైన చోటే అక్షరాలు పంపి మిగతా సమయం గమ్మున ఉంటుంది. నా ఓటు దీనికే.

గమ్మున ఉండటం ఎందుకు ముఖ్యమంటే, తర్వాతి రోజుల్లో వచ్చిన కొన్ని గేములు చిప్పు ఉందేమోనని వెతుకుతాయి. వంకర్లు ఉండకూడని చోట డ్రైవ్‌ని నిలబెట్టి, అక్షరాలు వచ్చాయా అని అడుగుతాయి. మొదటితరం చిప్పులు ఆగకుండా అరుస్తూనే ఉంటాయి, దొరికిపోతాయి. తెర మీద మెషీన్ని మార్చినట్టున్నారని రాసి గేము అక్కడే ఆపేస్తుంది. ఒకటి రెండు గేములు మాత్రమే ఇలా ఆగితే అతుకుల్లో తప్పు వెతకొద్దు, చిప్పులో ఉన్న ప్రోగ్రామ్ పాతదన్నమాట.

అమెరికా గేము లేచింది, కానీ బొమ్మ నలుపు తెలుపులో వచ్చిందా? అది చిప్పు తప్పు కాదు. ఆ గేములు 60 హెర్ట్జ్‌లో నడుస్తాయి, నీ యూరప్ మెషీన్ గడియారం పాల్ అనే యూరప్ టీవీ పద్ధతి లెక్కది, 53.20 మెగాహెర్ట్జ్. అమెరికా మెషీన్‌ది 53.69. రంగు మోసుకొచ్చే సంకేతం తప్పిపోయి పసుపు పిన్ను వైర్లో రంగు రాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపే ఆర్‌జీబీ వైరుతో చూస్తే రంగు సరిగా వస్తుంది, దానికి స్కార్ట్ అనే యూరప్ టీవీ ప్లగ్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా కావాలి. లేదంటే రెండు ఫ్రీక్వెన్సీల ఆసిలేటర్ బోర్డు విడిగా వేసుకోవాలి, అది చిప్పు కన్నా కష్టమైన పని.

సోల్డరింగ్ మీద ఇప్పటికీ గుబులుగా ఉంటే ఇంకో దారి ఉంది. 2021లో వచ్చిన ఫ్రీపీఎస్ఎక్స్‌బూట్, టోనీహ్యాక్స్ అనేవి మెమరీ కార్డు నుంచే డ్రైవ్ తాళం తీస్తాయి. యూరప్ మెషీన్‌కి పనిచేస్తాయి. బోర్డు ముట్టుకోనక్కర్లేదు, కాకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ కార్డు పెట్టి నడిపించాలి, కార్డు తయారు చేయడానికి రాసే పరికరమో పాత పీఎస్ 2 నో కావాలి. నీ దగ్గరున్నవి పది పన్నెండు డిస్కులే అయితే ముందు ఇది చూడమంటాను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణల్ని తప్పిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. డబ్బిచ్చి కొన్న అసలు డిస్కుని నీ మెషీన్లో ఆడుకోవడం వేరు, కాపీలు రాసి అమ్మడం, గేము పార్లర్లో పెట్టి గంటల లెక్కన ఆడించడం వేరు. రెండోదానికి ఎవరైనా చిప్పు వేసిపెట్టమంటే ఒప్పుకోకు.

అన్నీ కుదిరాక బిగించేటప్పుడు, ఇనుప కవచం పెట్టి ఒకసారి, పై డొప్ప పెట్టి ఒకసారి విడివిడిగా ఆన్ చేసి చూడు. కవచం అంచు తీగని నొక్కి పూత కోసిందంటే బల్ల మీద బాగా ఆడింది మూశాక ఆడదు. అప్పుడు ఏ మెట్టు దగ్గర ఆగిందో నీకు తెలిసిపోతుంది, మొత్తం మళ్ళీ విప్పే పని తప్పుతుంది. బోర్డు మీద ఉన్న పీయూ నంబరు, చిప్పు అమ్మినవాడు చెప్పిన ప్రోగ్రామ్ పేరు, రెండువైపులా వెలుతురులో తీసిన ఫోటోలు పంపు. బొమ్మతో పాయింట్లు పోల్చి చెబుతాను, ఆ తర్వాతే ప్లస్ తీగ అతుకు.